అడవిపందికి ఎంత తుపాకీ కావాలి?

బారీ క్రంప్ (1935–1996) న్యూజిలాండ్ పల్లెల ఆస్థాన రచయిత. యౌవనంలో ప్రభుత్వం తరఫున జింకలను వేటాడే కొలువు చేసి, ఆ అనుభవంతో 1960లో ‘ఎ గుడ్ కీన్ మ్యాన్’ వ్రాసి పేరు సంపాదించాడు. 1986లో వెలువడిన అతని నవల ‘వైల్డ్ పోర్క్ అండ్ వాటర్‌క్రెస్’ను తైకా వైటీటీ 2016లో చలనచిత్రంగా తీశాడు. మా అబ్బాయి ముందు సినిమా చూశాడు, తరువాత నవల చదివాడు, ఆ తరువాత నా దగ్గరకు వచ్చి, “నాన్నా, మనమూ పందివేటకు వెళదామా?” అని అడిగాడు. వాడికి అప్పుడు పదిహేనేళ్లు. ఆ విధంగా నవలను రెండవసారి చదివాను. ఈసారి సాహిత్యాభిమానిగా కాదు, తుపాకుల దుకాణానికి వెళ్లబోయే తండ్రిగా.

ఆ పనికి నవల పెద్దగా అక్కరకు రాలేదు. ఈ దేశంలో పందివేట అంటే చాలామందికి కుక్కల వేట. కొన్ని కుక్కలు పందిని నిలవేసి మొరుగుతాయి, మరికొన్ని చెవి పట్టుకొని వదలవు; వేటగాడు పరుగున చేరి కత్తితో పని ముగిస్తాడు. అంత పెనుగులాటలో తుపాకీ పేల్చితే పందికన్నా ముందు కుక్కకో మనిషికో తగులుతుంది. మాకు కుక్కలు లేవు. యాభై దాటిన నా మోకాళ్లకు లోయలు దూకే శక్తీ లేదు. మాకు మిగిలింది సాయంసంధ్యలో ఫెర్న్ పొదల అంచున గాలికి ఎదురుగా కూర్చొని ఎదురుచూడడం ఒక్కటే. అలా కూర్చునేవాడికే తుపాకీ ఎంపిక అసలు ప్రశ్న అవుతుంది.

ఇక్కడి అడవిపందులను ‘కెప్టెన్ కుకర్’లు అంటారు. (మన చెవికి మూడు విజిళ్లు వినిపిస్తాయి, ఏం చేస్తాం!) 1773లో కుక్ తన రెండవ యాత్రలో క్వీన్ షార్లట్ సౌండ్ తీరాన పందులను విడిచిపెట్టాడు. అంతకు ముందే, 1769లో, ఫ్రెంచి నావికుడు ద సుర్విల్ ఉత్తరాన మావోరీలకు కొన్నింటిని ఇచ్చాడు. నేటికీ ఆ సంతతి గొర్రెల కాపరులను ఏడిపిస్తూనే ఉంది. కింగ్ కంట్రీలో మాకు తెలిసిన ఒక రైతు పచ్చికబయలును చూపించాడు: నాగలి పెట్టి దున్నినట్టుంది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలను కూడా పందులు తినేస్తాయి. చిత్తూరు వేరుశనగ రైతుకూ, ఆదిలాబాదు మొక్కజొన్న రైతుకూ ఈ బాధ క్రొత్తది కాదు. అక్కడ నాటుబాంబులూ కరెంటు తీగలూ పెడుతున్నారు. ఆ తీగలకు పందులతోపాటు మనుషులూ చనిపోతున్నారు. గురిచూసి పేల్చిన ఒక్క తూటా ఆ తీగకన్నా ఎంతో దయగలదని నా అభిప్రాయం.

ఏ తూటా? మా అబ్బాయి .223 రెమింగ్టన్ కావాలన్నాడు. దాని గుండు 55 గ్రెయిన్‌లు, అంటే దాదాపు మూడున్నర గ్రాములు. గొట్టం విడిచేటప్పుడు శక్తి 1,700 జౌళ్లకు అటూఇటూ. భుజానికి దెబ్బ తెలియదు, తూటాలు చవక, మెడ మీదో చెవి వెనుకనో తగిలితే పంది అక్కడికక్కడే కూలుతుందని రైతు కూడా వత్తాసు పలికాడు. నిజమే. కాని చెవి వెనుక తగలాలి. .308 విన్‌చెస్టర్ గుండు 150 గ్రెయిన్‌లు, దాదాపు పది గ్రాములు. శక్తి 3,500 జౌళ్లు, అంటే రెండింతల పైమాట. ఈ లెక్క చూపి పెద్దదే మేలని వాదించేవారు దుకాణాలలో దొరుకుతారు. శవపరీక్షలు చూసినవాడు మాత్రం జౌళ్ల లెక్కతో తృప్తిపడడు. గుండు ఎక్కడ తగిలింది, ఎంత లోతుకు చొచ్చింది, దారిలో ఏ అవయవం ఉంది అన్నవే అతని ప్రశ్నలు.

పంది గుండె జింక గుండెకన్నా క్రిందుగా, ముందుకు, దాదాపు ముంగాళ్ల నడుమ ఉంటుంది. జింకకు అలవాటుపడినవాడు భుజం వెనుక పేల్చితే పంది విషయంలో గుండు పొట్టలోకి పోతుంది. ఆ జంతువు పొదల్లోకి దూరి గంటల తరబడి చస్తుంది. పైగా ముదిరిన మగపందికి భుజాల మీద వేలెడు మందాన గట్టి కవచం ఉంటుంది; తోటి మగవాటి కోరల నుంచి కాపాడుకొనేందుకు చర్మం క్రింద ప్రకృతి పేర్చిన పీచు కండ అది. కుందేళ్ల కోసం చేసిన పలుచని గుండు దానికి తగిలి పైపైనే చితికిపోవచ్చు. కాబట్టి గొట్టం కొలత తరువాతి మాట. ముందు గుండు నిర్మాణం చూడాలి. చితకనిది, లోపలికి పోయేది కావాలి.

సీసపు గుండు విషయంలో మరొక చిక్కుంది. ఎముకకు తగిలిన మెత్తని సీసం పొడిపొడిగా చెదిరిపోతుంది. ఎక్స్‌రే పలక మీద ఆ తునకలు మంచు రాలినట్టు గాయానికి జానెడు దూరం వరకూ కనబడతాయి. ఆ మాంసమే వంటింటికి వస్తుంది. పిల్లల రక్తంలో ఇంతవరకూ ఉండవచ్చు అని చెప్పదగిన నిరపాయమైన సీసపు పరిమాణం లేదు. అందుచేత నేను రాగి గుండ్లనే కొన్నాను. ఖరీదు ఎక్కువే, మా యింట మాంసం తినేవాడు ఒక్కడే, వాడు ఇంకా ఎదుగుతున్నాడు.

చివరికి .308 బోల్ట్ రైఫిల్ తీసుకున్నాం, గొట్టానికి సైలెన్సర్‌తో సహా. ఇక్కడ అది చట్టసమ్మతమే. పేలుడు శబ్దం 160 డెసిబెళ్ల దాకా పోతుంది. కుర్రవాడి చెవులను కాపాడడం నాకు నేరస్థుల సినిమాలకన్నా ముఖ్యం. దాని బరువు వల్ల భుజానికి తగిలే దెబ్బ కూడా తగ్గుతుంది. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదులలో 51 మంది హతులైన తరువాత ఈ దేశం సెమీ ఆటోమేటిక్ తుపాకులను చాలావరకు నిషేధించింది. దుకాణంలో ఒక పెద్దమనిషి అందుకు వాపోయాడు. నాకు బోల్ట్ లాగి రెండవ తూటా ఎక్కించడానికి పట్టే ఆ రెండు క్షణాలు ఇష్టం.

కిరాతార్జునీయం మనకు పందివేట కథే. ఒకే వరాహానికి రెండు బాణాలు తగులుతాయి, ఎవరిదన్నది తగవు. శ్రీనాథుడు ‘హరవిలాసం’లో దానిని మనకు తెలుగు చేసి యిచ్చాడు. పాశుపతం దొరికింది కనుక కథ సుఖాంతం. మా అత్యవసర విభాగంలో నేను చూసిన కథ అటువంటిది కాదు: పొద కదిలితే జింక అనుకొని పేల్చారు, పొద వెనుక ఉన్నది స్నేహితుడు. తుపాకీ భద్రతకు ఇక్కడ నేర్పే ఏడు సూత్రాలలో లక్ష్యాన్ని నిస్సందేహంగా గుర్తించమన్నది ఒకటి, గుండు పోయే దారిని సరిచూడమన్నది ఇంకొకటి. మా అబ్బాయి చేత ఆ ఏడింటినీ వేమన పద్యాల వలె వల్లె వేయించాను.

పదహారేళ్లు నిండితే గాని లైసెన్సు ఇవ్వరు. అంతవరకూ లైసెన్సు ఉన్న పెద్దవాడు చేతికందే దూరంలో ఉండాలి, అతని చేతిలో వేరే తుపాకీ ఉండరాదు. తండ్రీకొడుకులకు ఒకే తుపాకీ. నాకిది చట్టంలోకెల్లా అందమైన నిబంధనగా తోచింది. మూడు సాయంత్రాలు ఆ కొండ అంచున కూర్చున్నాం. మూడవనాడు నూట ఇరవై మీటర్లలో ఒక నల్లని ఆకారం ఫెర్న్‌ను త్రవ్వుతూ కనబడింది. వాడు స్కోప్‌లోనుంచి చాలాసేపు చూసి, బోల్ట్ వెనక్కు లాగి, “వెనక ఏముందో కనిపించడం లేదు నాన్నా” అన్నాడు. చీకటి పడ్డాక దిగి వచ్చాం.

ఆ రాత్రుల్లో వాడికి కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ తెలుగులో చదివి వినిపిస్తూ వచ్చాను. తెలుగు వింటాడు గాని చదవలేడు. కేశవరెడ్డి మా వృత్తివాడే, డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల వైద్యుడు. పందులు కాచే ముసలివాడు తప్పిపోయిన చూలుపంది కోసం రాత్రివేళ అడవిలోకి పోతాడు. క్రంప్ అడవిలో నవ్వు ఉంది, ఆత్మీయత ఉంది, పారిపోయే చోటు ఉంది. కేశవరెడ్డి అడవిలో నవ్వు లేదు. ముసలివాడికి పంది శత్రువూ కాదు, ఆటవస్తువూ కాదు, బ్రతుకుతెరువు. రెండు పుస్తకాలలో ఏది గొప్పదని అడిగితే నేను తడుముకోను, తెలుగుదే. వాడు మాత్రం ఇంకా క్రంప్ పక్షమే.

వాడి పదహారవ పుట్టినరోజు వచ్చే నెల. దరఖాస్తు పెట్టాక అధికారి ఇంటికి వచ్చి ఇనుప బీరువా చూస్తాడు, దరఖాస్తుదారుణ్ణి దగ్గరగా ఎరిగినవారిని విడిగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతాడు. నా లైసెన్సు వేళ మా ఆవిడను అలాగే అడిగారు, నేను కోపిష్టినా, తాగుతానా అని. ఆమె ముప్పావుగంట మాట్లాడింది. ఏం చెప్పిందో ఇంతవరకూ నాకు చెప్పలేదు.