విండోస్‌లో లేని మాడ్యూలు

కంప్యూటరు విద్యలో నాకు ప్రవేశం స్వల్పం. అయినను తెలుగులో స్థిరపడిన ఉర్దూ పదాల పట్టిక ఒకటి విద్యార్థులతో కలిసి కూర్చ సంకల్పించినందువల్ల, దానితో కొంత పరిచయం తప్పలేదు. జవాబు, ఖర్చు, తారీఖు వంటి మాటలను విద్యార్థులు తమ ఫోన్లనుండి పంపుతారు. మా ప్రయోగశాలలోని యంత్రం వాటిని ఒకే ఫైలులో చేరుస్తుంది. ఇద్దరి మాటలు ఒకే క్షణాన వస్తే ఒకటి రెండవదానిని తుడిచివేయవచ్చును. అందుకే ఒకటి చేరేవరకు ఫైలుకు తాళం వేసే పైథాన్ ప్రోగ్రామును బి.ఎస్‌సీ. విద్యార్థిని ఒకామె వ్రాసింది. దానికి 12 టెస్టులు కూడా జతచేసింది.

ఆమె లాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్. అక్కడ అన్నీ నెగ్గాయి. ప్రయోగశాలలోని విండోస్‌లో ఒక్కటీ మొదలు కాలేదు. ‘ఎఫ్‌సీఎన్‌టీఎల్ అనే మాడ్యూలు లేదు’ అన్న భావంగల ఆంగ్లవాక్యం మాత్రం తెరపై నిలిచింది.

దానిని ఎక్కడనుండో తెచ్చి ఇన్‌స్టాల్ చేయబోయాము. వృథా ప్రయాస! అది పైథాన్‌తోపాటే వచ్చేది. కాని యూనిక్స్ కుటుంబపు వ్యవస్థలకే పరిమితం. దానిని పిలిచే ఇంపోర్టు పంక్తి ప్రోగ్రాము మొదటనే ఉండడంచేత, తాళంతో ఏ సంబంధమూ లేని అక్షరక్రమపు టెస్టులు సైతం ఆగిపోయాయి.

“విండోస్‌లో ఈ టెస్టులను దాటవేయమని వ్రాస్తే సరిపోతుంది సార్” అన్నది ఆమె. ఒక్క పంక్తి పని. నా మనసూ క్షణకాలం అటే మొగ్గింది.

“పదాలు చేరేది ఈ యంత్రంలోనే కదమ్మా! టెస్టును దాటవేస్తాము సరే, ఇద్దరు ఒకేసారి పంపితే ఏం చేద్దాము?” అన్నాను.

ఆమె రెండు రోజులు శ్రమించింది. విండోస్ అయితే ఎంఎస్‌వీసీఆర్‌టీ అనే మాడ్యూలును, కాకుంటే పాతదానినే పిలిచేట్లు మార్చింది. ఇప్పుడు 11 నెగ్గాయి. మిగిలినది, మొదటి వ్రాత 15 సెకన్లు తాళం వదలకుంటే రెండవది ఏమగునో చూచే టెస్టు. లినక్స్‌లో మేము వాడిన తాళం దొరికేదాకా ఓపికతో వేచివుంటుంది. విండోస్‌ది సెకనుకొకమారు చొప్పున 10 మార్లు ప్రయత్నించి, దోషం ప్రకటించి తప్పుకుంటుంది. మా ప్రోగ్రాము ఆ దోషాన్ని లక్ష్యపెట్టక మాటను జారవిడిచింది. పోయిన మాట ‘అమానతు’! నమ్మి అప్పగించిన సొత్తని దాని అర్థం. నాకు నవ్వు వచ్చింది కాని, ఆమెకు రాలేదు.

దోషం వచ్చినపుడు తిరిగి ప్రయత్నించే పంక్తులు చేర్చాక 12 టెస్టులూ నెగ్గాయి. మరునాడు మేమిద్దరం ఫోన్లు పట్టుకొని ఒకేసారి మీట నొక్కాము. నేను పంపినది ‘దస్తావేజు’, ఆమె పంపినది ‘అమానతు’. రెండూ చేరాయి.