దిల్‌సుఖ్‌నగర్ బజారులో ఊలు

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ మెట్రోలో మూడవ స్టేషన్. దుకాణాలు చూడాలంటే మాత్రం నడవాలి. ఈ దారిన ఊలు ఉండలు కొనే సోదరీమణులకు ఒక విన్నపం. పిడి తిప్పితే గొట్టంలా అల్లే గుండ్రని యంత్రంతో సామాను బుట్టలు చేయదలిస్తే, దారం గొర్రె ఉన్నిదే కావాలి. ఉన్ని వెంట్రుకకు పొలుసులుంటాయి. వేడినీళ్ళలో సబ్బుతో నలిపితే అవి పెనవేసుకొని, అల్లిక కుంచించుకుపోయి దళసరి అవుతుంది. కనుక బుట్టను పెద్దదిగా అల్లి, నలిపి, తడిగానే బోర్లించిన గిన్నెకు తొడిగి ఆరబెట్టాలి. మన బజార్లలో ఊలు పేరుతో దొరికేది చాలావరకు ఆక్రిలిక్. ఎంత నలిపినా ముడుచుకోదు. ఆ మాట ముందే చెప్పి అమ్మడం వ్యాపారి బాధ్యత. చెప్పకుంటే పోగు కొస కాల్చి చూడండి: ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన, ఆక్రిలిక్ అయితే కరిగి గట్టి పూస. తెలంగాణ కురుమలు గొంగళ్ళు నేసే దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని ఒంటికి గుచ్చుకుంటుంది గాని, బుట్టకు ఆ గరుకే నచ్చుతుంది నాకు.