కోతపండుగ

రైలుకూడలిగా మాత్రమే పలువురెఱిగిన డోర్నకలునందు, తమిళదేశమున జన్మించి 1912లో ఆంగ్లికన్ సంఘమునకు తొలి భారతీయ బిషప్పైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తలపెట్టగా 1939లో ప్రతిష్ఠితమైన ఎపిఫనీ కెథడ్రల్‌ను తలచుకొనినపుడెల్ల, మసీదును తలపించు గుమ్మటములను, కోవెలమండపమును స్ఫురింపజేయు స్తంభములను ఒక్కచో కూర్చిన ఆ మహాశయుని ఔచిత్యబుద్ధికి చేతులు జోడింపవలెననిపించును.

ఆ కట్టడము ఇరుగుపొరుగు మతముల రూపములను కలుపుకొనినట్లే, మన చిన్న పట్టణములలో క్రైస్తవుని విశ్వాసమును నాలుగు గోడల నడుమ నిలుచునది కాదు. క్రిస్మస్ రాత్రులలో డోలకు, కంజీరలతో ఇల్లిల్లు తిరుగు గాయకబృందమునకు పొరుగువారు టీ కాచి యిత్తురు. మట్టలాదివారమున పిల్లలు ఈతమట్టలు చేతబట్టి బజారున నడతురు. తెల్లవాఱుజామున మైకుల హోరు మాత్రము నాకు రుచింపదు. ఆ దోషమున గుడికిని, మసీదుకును, చర్చికిని భేదము లేదు.

ఈ వేడుకలన్నిటికంటె నా మనస్సు నాకర్షించునది కోతపండుగ. తొలిపంటలోని వడ్లమూట, గుమ్మడికాయ, కాళ్లు కట్టిన కోడిపుంజు బలిపీఠము ముందర వరుసదీరును. ప్రసంగమధ్యమున ఆ పుంజు కూయక మానదు. పాస్టరయ్యగారును దానికి అలవాటుపడినవారే. ఆరాధన ముగియగానే ఆవరణలో వేలము మొదలగును; చూడవచ్చిన ఇతర మతస్థులును పంతమునకు పాట పెంచుదురు; గుమ్మడికాయను సంతధరకు రెట్టింపునకు పాడినవాడు దానిని మరల కానుకగా నిచ్చివేయుటయు, అదే కాయ రెండవమారు పాటకు వచ్చుటయు కలదు.