అన్న జీపు, మేం తిప్పిన స్క్రూ

 

మేం ముగ్గురం. మారేడుమిల్లి అవతల కొండల్లో ఒకే ఊరు, రాజమండ్రిలో ఒకే హాస్టల్ గది, ముగ్గురిదీ మెకానికల్. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

రాత్రిళ్లు ఫోన్లో సూపర్ ఛార్జర్ కార్ల వీడియోలు చూసేవాళ్లం. ఇంజన్ బెల్టుతోనే సూపర్ ఛార్జర్ తిరిగి సిలిండర్లలోకి గాలిని నెడుతుంది. దానికి చిన్న పుల్లీ వేస్తే ఇంకా వేగంగా తిరుగుతుంది. ఇంజన్ పుల్లీ 150 మిల్లీమీటర్లు, ఛార్జర్‌ది 75 అయితే రెండు రెట్ల వేగం. 60 వేస్తే రెండున్నర రెట్లు. పవర్ పెంచడమంటే ఇంతేనా అనుకున్నాం.

సెలవులకి ఊరెళ్తే జీపు అన్న అడిగాడు. "ఏరా, ఇంజనీర్లు అయిపోతున్నారు కదా, మన బండి ఘాట్‌లో లాగట్లేదు, ఏదన్నా చెయ్యండి." పాత డీజిల్ జీపు. సూపర్ ఛార్జర్ లేదు, టర్బో లేదు. సంతకి సరుకైనా, ఆసుపత్రికి మనిషైనా ఊరికి అదే దిక్కు. తెలీదని చెప్పడానికి మాకు నోరు రాలేదు. డీజిల్ పంపు స్క్రూ తిప్పి, డీజిల్ ఎక్కువ వెళ్లేలా చేశాం.

నల్లపొగ వచ్చింది గానీ బండి లాగింది. మేం పొంగిపోయాం. మర్నాడు జ్వరంతో ఉన్న పెద్దమ్మని రంపచోడవరం తీసుకెళ్తుంటే ఘాట్ మధ్యలో రేడియేటర్ ఆవిరి కక్కింది. గంటసేపు రోడ్డు పక్కనే. పెద్దమ్మ తల మా ఒళ్లో. చివరికి ఎవరిదో వ్యాను ఆగింది. ఆమె కోలుకుంది. అన్న మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

హాస్టల్‌కి వచ్చాక పుస్తకం తీశాం. గాలి పెంచకుండా డీజిల్ పెంచితే సరిగ్గా మండదు, పొగ, వేడి పెరుగుతాయి. సూపర్ ఛార్జర్ బండికీ పుల్లీ ఒక్కటే మారిస్తే చాలదు. గాలి పెరిగితే దానికి తగ్గ పెట్రోలు కావాలి. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి ఇంటర్‌కూలర్ కావాలి, లేకపోతే నాకింగ్ వచ్చి పిస్టన్ పాడవుతుంది. క్లచ్చి, బ్రేకులు కూడా ఆ బలానికి తట్టుకోవాలి. వీడియోల్లో ఇవన్నీ ఉన్నాయి, మేమే దాటేసి చూశాం.

మళ్లీ వెళ్లినప్పుడు మెకానిక్ దగ్గర కూర్చున్నాం. ఆయన స్క్రూ పాత చోటికి తెచ్చాడు. ఎయిర్ ఫిల్టర్ నిండా ఎర్రదుమ్ము, రేడియేటర్ సందుల్లో బురద. కడిగి, ఫిల్టర్ మార్చాక జీపు ఘాట్ ఎక్కింది. కొత్త బలం రాలేదు, పోయిన బలమే తిరిగొచ్చింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చదువుకుంటున్నామని ఊరు మనల్ని నమ్ముతుంది. "తెలీదన్నా, కనుక్కుని చెప్తాం" అంటే ఆ నమ్మకం పోదు. ఈ ఒక్క మాట మేం నేర్చుకోడానికి పెద్దమ్మ గంటసేపు రోడ్డు పక్కన పడుకోవాల్సి వచ్చింది.