ఎకో పరీక్ష మన హాస్టళ్ల దాకా ఎప్పుడొస్తుంది?

పోస్టు పెద్దదే. కానీ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పక్క తాండాల్లో, ఎరుకల కాలనీల్లో, యానాది కాలనీల్లో చిన్నపిల్లలున్నోళ్లు ఓపిక చేసుకుని చదవండి. గుండెకు తీసే ఎకో గురించి రాస్తున్నాం.

మేమంటే ప్రొద్దుటూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే ఆరుగురం. నలుగురం సుగాలోళ్లం, ఒకరు ఎరుకల, ఒకరు యానాది. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే ఊర్లో ఎవరికి ఏ కాయితం వచ్చినా ఫోటో తీసి మాకే వాట్సాప్ చేస్తారు. పట్టా పుస్తకమైనా మేమే, స్కానింగ్ రిపోర్టైనా మేమే.

మా హాస్టల్లో ఇంటర్ రెండో సంవత్సరం తమ్ముడొకడున్నాడు. పులివెందుల పక్క తాండా. అమ్మానాయన చీనీ తోటల్లో, అరటి తోటల్లో కూలికి పోతారు. వాడి పేరు రాయడం లేదు. రాసింది చదివి వినిపించినాం, పెట్టండన్నా అన్నాడు. కానిస్టేబుల్ కావాలని వాడి కోరిక. పొద్దున్నే మాతోపాటు గ్రౌండుకు వచ్చేవాడు, రెండు రౌండ్లకే కూలబడేవాడు. మెట్లెక్కితే ఆయాసం. రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. తాండాలో రక్తం తక్కువన్నారు, దిష్టన్నారు, తాయెత్తు కట్టినారు. జమ్మలమడుగులో చుట్టాలింటికి పోయినప్పుడు అక్కడొక డాక్టరు స్టెతస్కోపు పెట్టి చానాసేపు విని, "గుండె శబ్దం తేడాగా ఉంది, ఎకో తీయించుకో" అని చీటీ రాసిచ్చినాడు.

వాళ్లమ్మ మరుసటి రోజే బస్సెక్కి వచ్చింది. మేమంతా ఆమెను యాడీ అనే పిలుస్తాం. ఆమె అడిగిన మొదటి మాట, "గుండెకాయ కోసి చూస్తారా నాయనా?"

ఈ భయం చానామందికి ఉంటుంది. కాబట్టి లోపల ఏం జరుగుతుందో జరిగినట్టు చెప్తాం. కోసేది లేదు, సూది లేదు, రక్తం తీసేది లేదు. పరగడుపున పోవాల్సిన పని కూడా లేదు. చొక్కా విప్పి ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటారు. అట్ల తిరిగితే గుండె పక్కటెముకల దగ్గరికి వస్తుంది, అడ్డమున్న ఊపిరితిత్తి కొంచెం తప్పుకుంటుంది. ఛాతీ మీద మూడు స్టిక్కర్లు అంటిస్తారు. చల్లగా ఉండే జెల్ పూస్తారు. గాలి ఉంటే శబ్దం లోపలికి పోదు, అందుకే జెల్. తర్వాత చేతిలో పట్టేంత పరికరాన్ని పక్కటెముకల సందుల్లో ఆనించి అటూ ఇటూ తిప్పుతారు. కొంచెం గట్టిగా నొక్కుతారు, అంతే. ఇరవై నిమిషాలో, అర గంటో. ఎక్స్‌రేకు వాడే కిరణాలు ఇందులో లేవు. గర్భిణులకు కూడా తీస్తారు.

లోపలికి పోయేది శబ్దమే. గండికోట లోయ అంచున నిలబడి గట్టిగా అరిస్తే ఎదురు కొండకు తగిలి మన గొంతు మనకే వినబడుతుంది కదా, అదే సూత్రం. కాకపోతే మన చెవి సెకనుకు 20 వేల కంపనాల దాకే వింటుంది, ఈ పరికరం పంపే శబ్దానికి సెకనుకు 20 లక్షల నుంచి 50 లక్షలు. ఒంట్లో అది సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోతుంది. గుండె గోడకు, వాల్వులకు తగిలి తిరిగొచ్చిన టైమును బట్టి ఏది ఎంత లోతులో ఉందో మిషన్ లెక్కేసి బొమ్మ గీస్తుంది. 15 సెంటీమీటర్ల లోతుకు పోయి రావడానికి సెకనులో ఐదు వేలో వంతు చాలు. అందుకే కదిలే గుండె కదులుతున్నట్టే కనబడుతుంది. ఈసీజీ గుండెలో కరెంటును చూపిస్తుంది, ఎక్స్‌రే నీడను చూపిస్తుంది. వాల్వు తెరుచుకోవడం, మూసుకోవడం కళ్లముందు చూపించేది ఎకో.

స్క్రీను మీద ఎర్ర రంగు, నీలం రంగు చూసి యాడి "ఆ నీలం చెడ్డ రక్తమా?" అని అడిగింది. కాదు. పరికరం వైపు వచ్చే రక్తానికి ఎరుపు, దూరంగా పోయేదానికి నీలం వేస్తారు. రక్తం స్పీడుగా సుడులు తిరిగే చోట రంగులన్నీ కలిసిపోతాయి. తోటలో నీళ్ల పైపు మూతిని వేలితో సగం మూస్తే నీళ్లు ఎట్ల చిమ్ముతాయో మనకు తెలుసు. వాల్వు సన్నబడితే రక్తమూ అంతే. ఆ స్పీడును బట్టి వాల్వు అటూ ఇటూ ఒత్తిడి తేడా ఎంతో లెక్కగడతారు. స్పీడు రెండింతలైతే ఒత్తిడి తేడా నాలుగింతలు.

రిపోర్టు చేతికిచ్చిన అబ్బాయి "పంపింగ్ 60, నార్మల్, డాక్టరుకు చూపించుకోండి" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. యాడి ముఖం వాడిపోయింది. "నూటికి అరవయ్యేనా?" అంది. మార్కుల లెక్క అట్ల నాటుకుపోయింది మన ఇండ్లల్లో! ఇది మాత్రం అందరూ గుర్తు పెట్టుకోండి. ఈఎఫ్ అని రాసేది, గుండె ఎడమ కింది గది నిండా ఉన్న రక్తంలో ఒక్క కొట్టుకు ఎంత భాగం బయటికి నెడుతుందో చెప్పే అంకె. మంచి గుండె కూడా నూటికి నూరు నెట్టదు. 55 నుంచి 70 మధ్య ఉంటే బాగున్నట్టే.

మరి 60 ఉంటే అంతా బాగున్నట్టేనా అంటే, అదీ కాదు. తమ్ముడి రిపోర్టు కింద "ఇంప్రెషన్" అనే చోట వేరే సంగతి ఉంది: ఆర్‌హెచ్‌డీ, సివియర్ ఎంఎస్, వాల్వు వైశాల్యం 1.3. ఆర్‌హెచ్‌డీ అంటే రుమాటిక్ గుండె జబ్బు. ఎంఎస్ అంటే ఎడమ పక్క పై గదికీ కింది గదికీ మధ్యలో ఉండే మైట్రల్ వాల్వు సన్నబడటం. మామూలుగా అది 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాలి. 1.5 లేదా అంతకన్నా తగ్గితే తీవ్రం కింద లెక్క. పంపు బాగుంది, తలుపే ఇరుకైంది. రక్తం ఊపిరితిత్తుల వైపు ఎదురు ఒత్తుతుంది, అందుకే పడుకుంటే ఆయాసం. రిపోర్టులో ఒక్క అంకె చూసి సంబరపడొద్దు, దిగులు పడొద్దు. ఇంప్రెషన్ దాకా చదివి, దాన్ని గుండె డాక్టరుతో చెప్పించుకోండి.

ఈ జబ్బు మొదలయ్యేది గొంతులో. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియాతో గొంతు నొప్పి వస్తుంది. కొంతమంది పిల్లల్లో రెండు మూడు వారాలకు జ్వరం, కీళ్ల వాపులు. ఈరోజు మోకాలు, రేపు చీలమండ. బ్యాక్టీరియా మీదికి పోవాల్సిన ఒంటి సైన్యం సొంత వాల్వుల మీద పడుతుంది. కీళ్లు మానిపోతాయి, వాల్వు మీద మచ్చ మిగులుతుంది. తమ్ముడికి ఆరో తరగతిలో కీళ్లు వాచి పది రోజులు బడి మానినాడంట, వాతమని ఆకుపసరు కట్టినారు. ఒక గదిలో ఎక్కువమంది పడుకునే చోట ఈ గొంతు నొప్పి ఒకరి నుంచి ఒకరికి సులభంగా పాకుతుంది. మన హాస్టల్ హాళ్లు మీకు తెలియనివి కావు. మన ఒక్కరి జబ్బు కూడా కాదిది. ఆస్ట్రేలియాలో బాగా డబ్బున్నోళ్లకు ఇది దాదాపు లేదు, అక్కడి ఆదివాసీలకు మాత్రం ఇప్పటికీ ఉంది.

మన దేశంలో ఇంత చిన్న వయసులోనే వాల్వు మూసుకుపోతోందని ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్ సుజయ్ బి. రాయ్, ఆయన తోటి డాక్టర్లు 1963లోనే లాన్సెట్ పత్రికలో రాసినారు. ఇంకో సంగతి మాకు చానా నచ్చింది. ఎకో పుట్టిందే ఈ మైట్రల్ వాల్వు కోసం. స్వీడన్‌లో లుండ్ అనే ఊర్లో ఇంగే ఎడ్లర్ అనే డాక్టరుకు ఆపరేషన్‌కు ముందే వాల్వు ఎట్లుందో తెలుసుకోవాలని ఉండేది. హెల్ముత్ హెర్ట్జ్ అనే ఫిజిక్స్ ఆయన, ఓడల కార్ఖానాలో ఇనుములో పగుళ్లు పట్టే శబ్దం మిషన్ ఉందని తెలుసుకుని దాన్ని గుండె మీద పెట్టి చూసినాడు. అది 1953. ఇనుములో పగులు పట్టే మిషన్ మన తమ్ముడి వాల్వు దాకా వచ్చింది, కానీ డెబ్బై ఏళ్లు పట్టింది.

డబ్బుల సంగతి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. దాన్ని తెచ్చిన రాజశేఖరరెడ్డి గారు జమ్మలమడుగు క్యాంబెల్ ఆస్పత్రిలో డాక్టరుగా పనిచేసి, తర్వాత పులివెందులలో ఆస్పత్రి నడిపినాయన. ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు ఏదైనా, వాల్వు ఆపరేషన్ లాంటి పెద్ద ఖర్చు దాని కింద అవుతుంది. చిక్కు ఎక్కడంటే, అనుమతి అడగాలంటే ఎకో రిపోర్టు ఉండాలి. ఆ మొదటి ఎకో చాలాసార్లు చేతి డబ్బులతోనే. మేము ఆరుగురం, ఇంకా హాస్టల్ పిల్లలు తలా ఇంత వేసి 1800 పోగు చేసినాం. యాడికి అది వారం కూలి. ముందే తెలిసుంటే బాగుండేదని మీకు చెప్తున్నాం: కడప రిమ్స్‌లో, కర్నూలు పెద్దాస్పత్రిలో, తిరుపతి స్విమ్స్‌లో అడగండి. పుట్టపర్తిలో సత్యసాయి ఆస్పత్రి 1991 నుంచి గుండె వైద్యం ఉచితంగా చేస్తోంది.

తమ్ముడికి తిరుపతిలో బెలూన్ వేసినారు. తొడ దగ్గర రక్తనాళం గుండా సన్న గొట్టం పంపి, వాల్వు దగ్గర బెలూన్ ఉబ్బించి తెరుస్తారు. ఛాతీ కోయరు. జపాన్ డాక్టర్ కాంజీ ఇనోయె 1984లో బయటపెట్టిన పద్ధతి. దానికి ముందు గుండెలో రక్తం గడ్డ ఉందేమో చూడటానికి నోట్లోంచి గొట్టం వేసి ఇంకో రకం ఎకో తీసినారు. అది మాత్రం కొంచెం కష్టమే, పరగడుపున పోవాలి. తర్వాత తీసిన మామూలు ఎకోలో వాల్వు 1.9కి వచ్చింది. ఆ రాత్రి వాడు వెల్లకిలా పడుకుని గురక పెట్టినాడని యాడి ఫోన్లో చెప్పి ఏడ్చింది.

ఇక మా అసలు మాట. 2007లో అచ్చయిన లెక్క ప్రకారం, కంబోడియా, మొజాంబిక్ బడిపిల్లలను పరీక్ష చేస్తే, స్టెతస్కోపుతో వెయ్యిమందిలో ఇద్దరికి పైచిలుకు ఈ జబ్బు దొరికింది. అదే పిల్లలకు ఎకో తీస్తే కంబోడియాలో వెయ్యికి 21, మొజాంబిక్‌లో 30 మంది దాకా తేలినారు. అంటే చెవికి వినబడనిది ఎకోకు కనబడుతోంది. కనబడితే ఏం లాభం అంటే, ఉగాండాలో అట్ల తొలి దశలో దొరికిన 818 మంది పిల్లల్లో సగం మందికి నెలనెలా పెన్సిలిన్ సూది వేసి, సగం మందిని ఊరికే గమనించినారు. రెండేళ్లకు సూది వేసినోళ్లలో జబ్బు ముదిరింది 0.8 శాతం మందికి, వేయనోళ్లలో 8.2 శాతం మందికి. 2022లో అచ్చయిన లెక్క ఇది. మన తమ్ముడికి ఆరో తరగతిలోనే ఎకో తీసి ఉంటే సూదులతో పోయేదేమో. ఇప్పుడు సూదీ తప్పలేదు, బెలూనూ తప్పలేదు. 21 రోజులకొకసారి 12 లక్షల యూనిట్లు, ఏళ్ల తరబడి.

2013 నుంచి ఆర్‌బీఎస్‌కే కింద 18 ఏళ్లలోపు పిల్లలను బడుల్లో పరీక్ష చేయాలి. వాళ్లు చూడాల్సిన జబ్బుల లిస్టులో రుమాటిక్ గుండె జబ్బు కూడా ఉంది. కాబట్టి మనం అడిగేది కొత్త వరం కాదు. కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకునే చోట ఇవ్వడానికి ఒక కాయితం రాసినాం: జిల్లాలోని గిరిజన హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలకు ఏడాదికొకసారి ఎకో తీయించాలని, కీళ్ల వాపుతో జ్వరం వచ్చిన పిల్లలను ముందు పంపాలని, సూది మందు దగ్గరి పీహెచ్‌సీలోనే దొరకాలని. మూడే కోరికలు. ప్రొద్దుటూరు హాస్టల్లో 64 సంతకాలైనాయి. జమ్మలమడుగు, పులివెందుల హాస్టళ్లలో ఎవరున్నారో చెప్పండి, కాయితం పంపిస్తాం. వచ్చే సోమవారం ఏడు గంటల బస్సుకు పోతున్నాం. తమ్ముడు కూడా వస్తానన్నాడు. వాడి సూది తేదీ శనివారం, అది వేయించుకున్నాకే.