బహూ మీద పడ్డ నింద

పుల్లలచెరువులో మా ఖాలా కోడలు మూడేళ్లలో ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకుంది. ఇద్దరూ నిండు నెలల పిల్లలే. ఛఠీ అయింది, పేర్లు పెట్టారు. రెండో వారంలో పాలు మానేశారు, వాంతులు, ఒళ్లు వడలిపోయింది. మార్కాపురం చేరేలోపే ఇంతెకాల్. మొదటిసారి నజర్ అన్నారు. రెండోసారి వేళ్లన్నీ బహూ వైపే తిరిగాయి. "దాని పాలల్లోనే ఏదో ఉంది" అన్నారు. తావీజులు కట్టారు. తలాఖ్ మాట కూడా వచ్చింది.

మూడో కాన్పులో బేటీ. పుట్టగానే ఆడపిల్లో మగపిల్లాడో తేల్చుకోలేకపోయారు. ఆ అనుమానమే పిల్ల ప్రాణం కాపాడింది. గుంటూరులో రక్తపరీక్ష చేసి జబ్బు పేరు చెప్పారు: కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా. మగపిల్లల్లో పైకి ఏమీ కనిపించదు. అందుకే ఆ ఇద్దరినీ ఎవరూ పోల్చుకోలేకపోయారు.

కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్, ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్లు తయారుచేయాలి. దానికి ఒక ఎంజైమ్ కావాలి. అది లేకపోతే ఒంట్లో ఉప్పు మూత్రంలో పోతుంది, పసికందు ఎండిపోతుంది. మరోపక్క మగ హార్మోన్ పెరిగి ఆడపిల్ల అవయవాల రూపు మారుతుంది. లోపల గర్భసంచి మామూలుగానే ఉంటుంది.

మా వైపు కిడ్నీ జబ్బుల పుణ్యమా అని "మ్యాచింగ్" అనే మాట అందరికీ తెలుసు. కిడ్నీ ఇచ్చేవాళ్లదీ తీసుకునేవాళ్లదీ పోల్చి చూసే హెచ్‌ఎల్‌ఏ జీన్లు ఆరో క్రోమోజోమ్ మీద ఉంటాయి. ఈ ఎంజైమ్ జీన్ కూడా వాటి మధ్యలోనే ఉంది. 1977లో న్యూయార్క్‌లో బో డుపాంట్, మరియా న్యూ బృందం ఈ జబ్బు హెచ్‌ఎల్‌ఏతో కలిసే కుటుంబంలో దిగుతుందని చూపించింది. 1984లో కొందరు రోగుల్లో ఆ జీన్ ముక్కే ఊడిపోయిందని తేలింది. అసలు జీన్ పక్కనే పనిచేయని నకిలీ జీన్ ఉంటుంది. రెండూ కవలల్లా ఉండటంతో, అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు జత తప్పి మధ్యలో దాదాపు 30,000 అక్షరాలు ఎగిరిపోతాయి. ఈ జబ్బున్న అందరిలో ఇదే కారణం కాదు. కొందరిలో ఒక్క అక్షరం మారినా చాలు.

మా ఖాలా ఇంట్లో మియా, బీవీ ఇద్దరిలోనూ ఈ ముక్క లేని కాపీ ఒకటుంది. రెండో కాపీ బాగుంది కాబట్టి ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. ఇద్దరి నుంచీ చెడ్డదే వస్తే బిడ్డకు జబ్బు. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మరి ఇద్దరికీ ఎక్కణ్నుంచి వచ్చింది? ఖాలా తన సగా తమ్ముడి కూతుర్నే కోడలిగా తెచ్చుకుంది. అంటే మా నానా, నానీల్లో ఒకరి నుంచి. నిందేమో బహూకి, విరాసత్ మాత్రం మొత్తం ఖాందాన్‌ది. అమ్మీలో ఉండొచ్చు, నాలో ఉండొచ్చు.

ఇది ఒక్క ముసల్మానుల ఇళ్ల కథ కాదు. మేనరికాలు చేసుకునే హిందువుల ఇళ్లల్లోనూ ఇదే లెక్క. 2000 తర్వాత హైదరాబాద్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువుల్ని పరీక్షిస్తే, ఈ జబ్బు 2,575 మందిలో ఒకరికి కనిపించింది.

పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో దీన్ని పట్టుకోవచ్చు. దవా గోళీలే: హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్. జిందగీ అంతా వేసుకోవాలి, జ్వరమొస్తే డాక్టర్ చెప్పినట్టు మోతాదు పెంచాలి. మా బేటీ ఇప్పుడు మూడో క్లాసు.

మొన్న మా అబ్బాయికి ఖాందాన్‌లోనే రిష్తా వచ్చింది. అమ్మీకి చాలా ఖుషీ. దగ్గరి చుట్టరికంలో నికా జాయిజే, ఫర్జ్ మాత్రం కాదు కదా అన్నాను. ముందు ఇద్దరికీ జీన్ పరీక్ష చేయిద్దాం, ఆ తర్వాతే మంగ్నీ అని చెప్పాను. అమ్మీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే ఖాలాకి ఫోన్ చేసి, ఆ పరీక్ష ఎక్కడ చేయించారో అడిగింది.