పూతంతా కాపు కాదు

మా వారు రిటైరయ్యాక పట్నం వదిలి అత్తగారి ఊరు ఉంగుటూరు వచ్చేశాం. ఊరికే కూర్చోవడమెందుకని నా నాలుగు బంగారు గాజులు అమ్మి, నూజివీడు దగ్గర చిన్నరసాల తోట కౌలుకి తీసుకున్నాం. క్యారేజీ పట్టుకుని, హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి వెళ్లొచ్చేవాళ్లం.

జనవరిలో చెట్టంతా పూతే! ఓ వ్యాపారి వచ్చి పూత మీదే కొంటానన్నాడు. "కాయయ్యాక రెట్టింపొస్తుంది" అన్నారు మా వారు. "పూతంతా కాపు కాదమ్మాయ్" అంటూనే ఉన్నారు అత్తయ్యగారు. వింటేగా! మంచు పట్టింది, వెనకే తేనెమంచు పురుగు చేరింది. ఆకుల మీద జిగురు, దాని మీద మసి. పూత మాడిపోయింది. రాలిన కాయలతో ఒరుగులు పెట్టుకుని కళ్లు తుడుచుకున్నాను.

మరుసటి ఏడు పూత విచ్చకముందే మందు కొట్టించాం. సగం తోట పూత మీదే అమ్మేశాం. దాంతో ఆ ఏటి కౌలు, మందుల ఖర్చు తీరాయి. మిగతా సగం కాయ దాకా ఉంచుకున్నాం. అదే లాభం. రెండు గాజులు తిరిగి చేయించుకున్నాను.

పల్లెలో పెట్టుబడి పెట్టాలనుకునే అక్కచెల్లెళ్లకి నా మాట ఒకటే. ముందు ఖర్చు గట్టెక్కించుకోండి, ఆ తర్వాతే ఆశ. మిగిలిన రెండు గాజులంటారా? ఈసారి పూత చూసి, అత్తయ్యగారిని అడిగి చెబుతాను!